ఏడో గిన్నె తప్పేమీ లేదు

ల్యాబ్ ఉద్యోగాల్లో చేరబోతున్న పిల్లలు ఈమధ్య నన్ను సలహా అడుగుతున్నారు. చికాగో పక్కన నేపర్‌విల్‌లో, మా వీధిలోనే ఇద్దరున్నారు. "ఆంటీ, మీరు పద్నాలుగేళ్లు యూనివర్సిటీ ల్యాబ్‌లో చేశారట కదా, ఏదైనా అడ్వైస్ ఇవ్వండి" అంటారు. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో, రెజ్యూమే ఎలా రాయాలో చెప్తాననుకుంటారు. నేను చెప్పేది ఒక్కటే. కళ్లతో చూసింది నోట్‌బుక్‌లో రాయండి, ఎవరు వద్దన్నా సరే. "అంతేనా?" అన్నట్టు మొహం పెడతారు.

అంతే. ఆ ఒక్కటీ చెయ్యబోయి నేను ఉన్న చోటు వదులుకోవాల్సి వచ్చింది. మా ఇంట్లో కొన్ని వారాలు సరిగ్గా మాటల్లేవు. అయినా నాకు పశ్చాత్తాపం లేదు. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే చేస్తాను. కాకపోతే ఇంకాస్త ముందే చేస్తాను. వినయంగా రాయమని మా ఆయన సలహా ఇచ్చారు. ఆ ఒక్క సలహా పాటించదలుచుకోలేదు.

ఎర్ర నీళ్లు, నీలం నీళ్లు

విశాఖపట్నంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చి, పిల్లలు హైస్కూలు దాటేదాకా ఇంట్లోనే ఉన్నాను. రెండువేల ఒకటిలో, నలభై ఏడేళ్ల వయసులో, చికాగోలో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. రోజూ నేపర్‌విల్ స్టేషన్‌లో కారు పెట్టి ట్రైన్ ఎక్కేదాన్ని.

నా బాస్ పేరు హోవర్డ్. ప్రొఫెసర్. అక్కడ అందరూ పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం ఆరు నెలలు నోరు రాలేదు. మొదటి రోజే ఆయన "నిన్ను సూ అని పిలవచ్చా?" అన్నాడు. "నా పేరు సుభద్ర. మూడే అక్షరాలు, నేర్చుకోవచ్చు" అన్నాను. నవ్వి, నేర్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదని చెప్పడానికే ఇది ముందు రాస్తున్నాను.

ఆ ల్యాబ్‌లో పని ఒక వింత రసాయన చర్య మీద. నాలుగైదు ద్రావణాలు ఒక గాజు గిన్నెలో కలిపి తిప్పుతూ ఉంటే నీళ్లు ఎర్రగా ఉంటాయి. నిమిషం తర్వాత ఉన్నట్టుండి నీలం అవుతాయి. మళ్లీ ఎరుపు, మళ్లీ నీలం. ఎవరూ ముట్టుకోకుండా, గడియారంలాగా, గంటకి పైగా అలా మారుతూనే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీ లాక్కుని కూర్చుని, లంచ్ మానేసి చూశాను.

ఒక గిన్నె సంగతి అప్పటికే అందరికీ తెలుసు. హోవర్డ్ ప్రశ్న వేరు. ఇలాంటి గిన్నెలు చాలా పెట్టి, ఒకదానికొకటి కలిపితే ఏమవుతుంది? ఎవరూ చెప్పకుండానే అవన్నీ ఒక పద్ధతిలోకి వస్తాయా? వస్తే ఆ పద్ధతిని ఏది నిర్ణయిస్తుంది, లోపలున్న రసాయనమా, లేక ఏది దేనితో కలిసి ఉందన్నదా?

ప్రశ్న ఆయనది. కలపడం, కడగడం, నింపడం, చూడడం, రాయడం నావి.

డేనియల్ విషయంలో నేను చేసింది

ఎదుటివాళ్ల తప్పులు రాసే ముందు నాది రాయాలి.

ఈ చర్యకి ఉప్పు విషం. వేలి మీద చెమటలో ఉన్న ఉప్పు చాలు, రంగులు మారడం ఆగిపోతుంది. అందుకే గ్లౌజులు, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగడం. కొత్తగా వచ్చే ప్రతి స్టూడెంట్‌కీ ఆ కడగడం నేనే నేర్పేదాన్ని. చేరిన మూడో ఏడు డేనియల్ అనే అతను పీహెచ్‌డీకి వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి. అతను వచ్చిన కొన్నాళ్లకే గిన్నెలు చచ్చిపోవడం మొదలైంది. రెండు మూడుసార్లు నీలం అయ్యి, ఆగిపోయేవి. ఐదు వారాలు ఒక్క ప్రయోగమూ నిలవలేదు.

హోవర్డ్ కారణం అడిగాడు. "డేనియల్ సరిగ్గా కడగట్లేదు" అన్నాను. చూసి అన్నది కాదు. కొత్తవాడు అతనే కాబట్టి అన్నాను. హోవర్డ్ గ్రూప్ మీటింగ్‌లో అందరి ముందూ అతన్ని కడిగేశాడు. సెమిస్టర్ అయ్యేసరికి డేనియల్ వేరే ల్యాబ్‌కి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక కూడా గిన్నెలు చచ్చిపోతూనే ఉన్నాయి. అప్పుడు కడుగుతున్నది నేను.

గిన్నెలో మార్పులు కొలవడానికి ఒక ఎలక్ట్రోడ్ ముంచుతాం. పాతది పగిలితే, డేనియల్ వచ్చిన రోజుల్లోనే, కేటలాగ్ చూసి కొత్తది నేనే తెప్పించాను. దాని డబ్బాలో ఉన్న కాగితం అతను వెళ్లాకే విప్పి చదివాను. దాని లోపల నింపి ఉండేది పొటాషియం క్లోరైడ్. అదీ ఒక ఉప్పే. కొద్దికొద్దిగా కారుతుంది. అంటే ఇన్నాళ్లూ ప్రతి గిన్నెలోనూ విషం ముంచింది నేను.

హోవర్డ్‌కి చెప్పాను. "సరే, సరైనది తెప్పించు. అతను ఎలాగూ వెళ్లిపోయాడు కదా, వదిలెయ్" అన్నాడు. వదలబుద్ధి కాలేదు. పక్క బిల్డింగ్‌లో డేనియల్ కొత్త ల్యాబ్ వెతుక్కుంటూ వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి జరిగింది చెప్పాను. 

"నేను నిజంగానే సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను" అన్నాడు. "ఇంట్లో ప్లేట్లు కూడా రెండేసిసార్లు కడుగుతున్నాను ఇప్పుడు."

క్షమించమన్నాను. చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. కూర్చోమనలేదు, అది న్యాయమే.  తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఎదురు చెప్పలేనివాడి మీద పడేస్తాం. అది నేను ఎక్కడో చదివి తెలుసుకున్నది కాదు, స్వయంగా చేసి తెలుసుకున్నది.

తొమ్మిది గిన్నెలు

మరి మూడు నాలుగేళ్లకి మేఘన వచ్చింది. కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, ఇరవై మూడేళ్లు. పీహెచ్‌డీ హోవర్డ్ దగ్గర. మొదటి రోజే "ఆంటీ" అంది.

"ల్యాబ్‌లో ఆంటీ అనకమ్మా. పేరు పెట్టి పిలువు."

"మీ పేరా? మా మమ్మీ నన్ను చంపేస్తది ఆంటీ."

నలుగురిలో సుభద్ర అనీ, మేమిద్దరమే ఉంటే ఆంటీ అనీ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం ఆమె రోజుకి పదిసార్లు మర్చిపోయేది.

ఆమె థీసిస్ కోసం హోవర్డ్ తొమ్మిది గిన్నెలు పెట్టమన్నాడు. మూడు వరసలు, వరసకి మూడు. పై వరస ఒకటి, రెండు, మూడు. మధ్య వరస నాలుగు, ఐదు, ఆరు. కింద ఏడు, ఎనిమిది, తొమ్మిది. ప్రతి గిన్నెకీ పొట్టి గాజు చేతులుంటాయి. పక్కపక్క గిన్నెల చేతులు కలిసే చోట పల్చటి రబ్బరు పొర పెడతాం. దానిలోంచి నీళ్లు దాటవు, చర్యలో పుట్టే బ్రోమిన్ దాటుతుంది. ఒక గిన్నె నీలం అయినప్పుడు దాని బ్రోమిన్ పక్కగిన్నెలోకి వెళ్లి, ఆ పక్కది నీలం కాకుండా కాసేపు ఆపుతుంది. అందుకని కలిసి ఉన్న రెండు గిన్నెలు ఎప్పుడూ వంతులు వేసుకుంటాయి. నువ్వు ఇప్పుడు, నేను తర్వాత.

ఆ లెక్కన తొమ్మిదీ చదరంగం బల్లలా సర్దుకోవాలి. బేసి అంకెల గిన్నెలు ఒకసారి నీలం, సరి అంకెలవి ఇంకోసారి. హోవర్డ్ సూత్రం చెప్పింది కూడా అదే. ఒక్కో గిన్నెకి సగటున ఎందరు పొరుగువాళ్లున్నారో చెబితే చాలు, ఎవరు ఎవరికి పొరుగు అన్న వివరం అక్కర్లేదు అని ఆయన వాదన. ఆ వాదన మీదే కొత్త గ్రాంటుకి రాశాడు. దాని మీదే పేపర్ రాయబోతున్నాడు.

గిన్నెలు గాజుపనివాడి దగ్గర్నుంచి వచ్చినప్పుడు ఐదు, ఏడు స్థానాల్లో పెట్టినవాటికి ఒక్కో చెయ్యి ఎక్కువగా ఉంది. ఊరికే వదిలేస్తే వాటిలో గాలిబుడగలు చేరతాయని ఆ రెండు చేతుల్నీ కూడా పొర పెట్టి కలిపేశాను. నోట్‌బుక్‌లో రాశాను. హోవర్డ్‌కి చెప్పాను కూడా. "ఒక్కటి ఎక్కువైతే ఏమీ తేడా రాదు" అన్నాడు.

నింపి, తిప్పడం మొదలుపెట్టాం. పావుగంటలో ఎనిమిది గిన్నెలు అనుకున్నట్టే సర్దుకున్నాయి. ఏడోది మాత్రం బేసివాటితోనూ కాదు, సరివాటితోనూ కాదు, మధ్యలో ఎప్పుడో తన ఇష్టం వచ్చినప్పుడు నీలం అయ్యేది.

అందరూ అనుమానితులే, ముందు నేను

డేనియల్ తర్వాత నేను మొదట అనుమానించేది నన్నే. ఏడో గిన్నె కడిగి చూశాను. తిప్పే అయస్కాంతం మార్చాను, రబ్బరు పొరలు మార్చాను, ద్రావణాలన్నీ కొత్తగా చేశాను. గిన్నె కిటికీ వైపు ఉందని, ఎండ తగులుతుందేమోనని బల్ల మొత్తం తిప్పించాను. రెండు నెలలు. ప్రతిసారీ ఏడోది అలాగే.

చివరికి ఏడో గిన్నె తీసేసి, బీరువాలో ఉన్న స్పేర్ గిన్నె పెట్టాం. వెంటనే అంతా సర్దుకుంది. బేసివన్నీ ఒకసారి, సరివన్నీ ఒకసారి, ముచ్చటగా.

హోవర్డ్ చప్పట్లు కొట్టాడు. "చూశావా? గిన్నెలో లోపం. గాజులో ఏదో మురికి. పాత ఫలితాలు పారేసి ముందుకు వెళ్దాం."

నేనూ నమ్మాను. రెండు రోజులు హాయిగా ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మేఘన గిన్నెలు తుడుస్తూ ఆగిపోయింది. "ఆంటీ, ఈ కొత్తదానికి టూ ఆర్మ్సే ఉన్నాయి. పాతదానికి త్రీ కదా?"

నిజమే. స్పేర్ గిన్నెకి అదనపు చెయ్యి లేదు, ఐదోదాని చేతికి ఆలోచించకుండా గాజు బిళ్ల బిగించేశాం. గిన్నె మార్చామనుకున్నాం కానీ, ఐదుకీ ఏడుకీ మధ్య ఉన్న కలయిక కూడా దాంతో పాటే పోయింది. రెండు మార్పులు ఒకేసారి చేసి, ఒకదానికే పేరు పెట్టాం.

పాత ఏడో గిన్నెని తెచ్చి ఇంకో మూల, తొమ్మిదో చోట పెట్టి, దాని అదనపు చేతికి గాజు బిళ్ల బిగించి మూసేశాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. మిగతా బేసి గిన్నెలతో కలిసి బుద్ధిగా నీలం అయింది. ఒకసారి, పదిసార్లు, ముప్ఫైసార్లు.

మేఘన కాగితం తీసి గీతలు గీసింది. ఐదూ ఏడూ రెండూ బేసివే, ఒకే జట్టు, కలిసి నీలం కావాల్సినవి. కానీ వాటి మధ్య పొర పెట్టాక ఒకటి ఇంకోదాన్ని ఆపుతుంది. ఐదోది నలుగురు సరివాళ్ల మధ్య ఉంది కాబట్టి కదలదు. ఏడోది మూలన ఉంది, ఇద్దరే పొరుగు. అందుకని జారిపోయేది అదే. బేసివాటితో నీలం కాబోతే ఐదు ఆపుతుంది, సరివాటితో కాబోతే నాలుగూ ఎనిమిదీ ఆపుతాయి. మిగిలింది మధ్యకాలమే.

"సో, ఏడో గిన్నె తప్పేం లేదు ఆంటీ," అంది. "సర్ థియరీ తప్పు" అని గొంతు తగ్గించింది, ఆ "సర్" తన బాస్ కాదు, ఇంకెవరో అన్నట్టు.

సంతకం

హోవర్డ్‌కి చెప్పడానికి వెళ్లేసరికి పేపర్ సగం రాసేశాడు. నా మాట పూర్తిగా విన్నాడు. తర్వాత డ్రాయర్‌లోంచి ఒక కాగితం తీశాడు. మొదటి రెండు నెలల ఫలితాలు గిన్నె లోపం వల్ల వదిలేశామని, ఆ లోపాన్ని టెక్నీషియన్ పరీక్షించి ధ్రువీకరించారని అందులో ఉంది. కింద నా పేరు, సంతకానికి గీత.

"లోపం లేదని ఇప్పుడే చెప్పాను కదా" అన్నాను.

"సుభద్రా, నువ్వు చాలా మంచి టెక్నీషియన్‌వి. కానీ ఫలితాలకి అర్థం చెప్పడం నీ ఉద్యోగం కాదు."

"నేను అర్థం చెప్పట్లేదు. చూసింది చెప్తున్నాను. చూడడం నా ఉద్యోగమే."

"గ్రాంట్ రాకపోతే నీ ఉద్యోగమూ ఉండదు. ఆ అమ్మాయి థీసిస్సూ ఉండదు. సోమవారం లోపు సంతకం చేసి ఇవ్వు."

బెదిరింపు కాదు అది, నిజమే చెప్పాడు. అందుకే ఎక్కువ భయం వేసింది. అప్పటికి దేశమంతా ఉద్యోగాలు ఊడిపోతున్న కాలం. మా ఆయన మూర్తి గారి కాంట్రాక్టు అయిపోయి నాలుగు నెలలు. ఇంటికంతటికీ హెల్త్ ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీదే. ఆయన గుండెకి స్టెంట్ వేసి అప్పటికి ఏడాది కాలేదు.

సాయంత్రం టీ తాగుతూ ఆయనకి చెప్పాను.

"సంతకం పెట్టేస్తే ఏమవుతుంది?" అన్నారు. "గాజు గిన్నే కదా. అదేమైనా కోర్టుకి వెళ్తుందా?"

"డేనియల్ కూడా కోర్టుకి వెళ్లలేదండీ."

"డేనియల్ మనిషి. ఇది గిన్నె. మనిషికీ గిన్నెకీ తేడా లేదా నీకు?"

"గిన్నె మీద చెప్పిన అబద్ధం గిన్నె దగ్గర ఆగదు. ఇంకెవరో పిల్ల ఇంకో ఊళ్లో ఇలాగే పెట్టుకుని, తన గిన్నె ఎదురు తిరిగితే, ఈ పేపర్ చదివి తనే సరిగ్గా కడగలేదనుకుంటుంది."

ఆయన కప్పు పక్కన పెట్టారు. "నా మందుల సంగతి ఆలోచించావా?"

ఆలోచించాను.  ఆయన తప్పుగా అడగలేదు. కానీ ఆ కాగితం సంచిలోంచి తియ్యలేదు. ఇద్దరం ఎవరి గదిలో వాళ్లం ఉండిపోయాం. ఉద్యోగంలో మాట మీద నిలబడితే ఇంట్లోవాళ్లు వెనక నిలబడతారని ఎవరైనా మీకు చెబితే, అన్నిసార్లూ అలా జరగదని గుర్తు పెట్టుకోండి.

మీరే చెప్పండి, ఏ గిన్నె?

సోమవారం సంతకం లేకుండానే కాగితం ఆయన బల్ల మీద పెట్టాను. "వారం టైమ్ ఇవ్వండి. గ్రూప్ మీటింగ్‌లో అందరి ముందూ చూపిస్తాను. తప్పని తేలితే అక్కడే సంతకం చేస్తాను." ఆయన నవ్వాడు. ఒప్పుకున్నాడు, ఎందుకంటే తను ఓడిపోతానని అనుకోలేదు.

గాజుపనివాణ్ని బతిమాలి నాలుగు మూలల గిన్నెలూ, మధ్య గిన్నె కూడా కొత్తవి చేయించాం. ప్రతి మూలకీ ఒక అదనపు చెయ్యి, మధ్యదానికి నాలుగు. ఎక్కడ కలపాలంటే అక్కడ రబ్బరు పొర, వద్దనుకుంటే గాజు బిళ్ల. బీరువా తాళం కూడా హోవర్డ్‌కే ఇచ్చాను, మేము రహస్యంగా ఏదో చేశామని అనకుండా.

శుక్రవారం మీటింగ్‌కి ఏడుగురు వచ్చారు. బల్ల మీద తొమ్మిది ఖాళీ గిన్నెలు. గ్లౌజులు నేనే వేసుకున్నాను.

"నాలుగు మూలలున్నాయి" అన్నాను. "ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది. వీటిలో ఏది చెడిపోవాలో మీరే చెప్పండి హోవర్డ్. మీరు చెప్పినదాన్ని చెడగొడతాం. మిగతావన్నీ బాగుంటాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. హోవర్డ్ చేతులు కట్టుకున్నాడు. "తొమ్మిది."

ఐదుకీ తొమ్మిదికీ మధ్య పొర పెట్టాను. మిగతా మూడు మూలలకీ బిళ్లలు. ద్రావణాలు పోసి, తిప్పడం మొదలుపెట్టాను.

పది నిమిషాలు గడిచాయి. తొమ్మిదోది మిగతా బేసివాటితో కలిసే నీలం అవుతోంది. పదిహేను నిమిషాలు. ఇంకా కలిసే. హోవర్డ్ గడియారం చూసుకున్నాడు. మేఘన నా మోచెయ్యి పట్టుకుంది. "ఆంటీ," అంది అందరి ముందే.  మా ఆయన మొహం కళ్ల ముందుకొచ్చింది. అయినా ఏమీ అనకుండా నోట్‌బుక్‌లో రాస్తూ కూర్చున్నాను, "తొమ్మిది ఇంకా బేసివాటితోనే" అని. అది కూడా చూసిందే కదా, రాయాలి.

ఇరవై నిమిషాలు దాటాక తొమ్మిదోది ఒక్క క్షణం ఆలస్యం అయింది. తర్వాతిసారి ఇంకాస్త. ఆ తర్వాత ఇంకాస్త. జారి జారి, రెండు జట్ల మధ్యలోకి వెళ్లి అక్కడ ఆగింది. మిగతా ఎనిమిదీ కదల్లేదు. ఇన్నాళ్లూ దొంగ అనిపించుకున్న ఏడో చోటు మిగతావాటితో కలిసి ఠంచనుగా నీలం అవుతోంది.

 హోవర్డ్ వంగి చాలాసేపు చూశాడు. "ఇప్పుడు ఒకటోది చెడగొట్టు" అన్నాడు.

అన్నీ ఖాళీ చేసి, కడిగి, పొర మార్చి, మళ్లీ నింపడానికి గంట పట్టింది. ఎవరూ వెళ్లలేదు. ఈసారి ఒకటోది చెడింది.

తర్వాత నన్ను ఆఫీసులోకి పిలిచి తలుపేశాడు. "నన్ను అందరి ముందూ అవమానించావు."

"మీరు తొమ్మిది అన్నారు, తొమ్మిది చెడింది. ఒకటి అన్నారు, ఒకటి చెడింది. ఇందులో అవమానం ఏముంది?"

 సంతకం కాగితం చింపి బుట్టలో వేశాడు. ఆ ఒక్క పనికి ఆయన్ని ఇవాళ్టికీ గౌరవిస్తాను. చాలామంది అది కూడా చెయ్యరు.

పేరు

సగం రాసిన పేపర్ పక్కన పెట్టి హోవర్డ్ కొత్తది రాశాడు. ఒకే గిన్నెలు, ఒకే రసాయనం, ఒకే సగటు ఉన్నా, ఎవరు ఎవరితో కలిశారన్నది మారితే పద్ధతే మారిపోతుందని. నిజం చెప్పాలంటే పాతదానికంటే ఎంతో మంచి పేపర్. గ్రాంటు కూడా వచ్చింది.

రాసినవాళ్లలో హోవర్డ్ పేరు, మేఘన పేరు. చివర చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు: జాగ్రత్తగా సాంకేతిక సహాయం చేసినందుకు నాకు.

ఆయన గదికి వెళ్లాను. "కృతజ్ఞతల్లోంచి నా పేరు తీసెయ్యండి."

ఆయనకి అర్థం కాలేదు. "పేరు పెట్టమని అడిగేవాళ్లని చూశాను. తీసెయ్యమని అడిగినవాళ్లని చూడలేదు."

"పని చేసినవాళ్లలో ఉంటే ఉండనివ్వండి. లేకపోతే ఎక్కడా వద్దు. కడిగినందుకు థాంక్స్ నాకు అక్కర్లేదు."

"టెక్నీషియన్ల పేర్లు పెట్టే అలవాటు మాకు లేదు."

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ జర్నల్‌కి పంపాలంటే రాసినవాళ్లందరూ ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలి. మేఘన చెయ్యలేదు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు, ఆయనకే చెప్పింది. సుభద్ర పేరు లేకపోతే తనదీ వద్దని. థీసిస్ చేతిలో ఉన్న పిల్ల, ఆయన సిఫారసు ఉత్తరం లేకపోతే రేపు ఉద్యోగం రాని పిల్ల.

తెలిసి తిట్టాను. "నీకేం పట్టింది? నా వయసు అయిపోయింది, నీకు ముందుంది."

"ఆంటీ, మీరు సైన్ చెయ్యలేదు. నేను కూడా చెయ్యలేదు. సేమ్ థింగ్" అంది.

మూడు పేర్లతో పేపర్ వచ్చింది. మేఘన పీహెచ్‌డీ అయింది. హోవర్డ్ ఆమెకి మంచి ఉత్తరమే రాశాడు. నా కాంట్రాక్టు మాత్రం మళ్లీ రాయలేదు. "కొత్త గ్రాంటులో వేరే రకం మనిషి కావాలి" అన్నాడు. కళ్లలోకి చూసే అన్నాడు, అదీ చెప్పాలి.

అదే యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్ పిల్లల ల్యాబ్‌లో ఒక ఖాళీ ఉంటే చేరాను. జీతం తక్కువ, ఇన్సూరెన్స్ అదే. ఆ సంగతి ఫోన్‌లో చెబితే మూర్తి గారు "హమ్మయ్య" అన్నారు. కాసేపాగి, "పేపర్ ఒక కాపీ ఇంటికి తే, చూస్తాను" అన్నారు. కెమిస్ట్రీ ఒక్క ముక్క రాదు ఆయనకి. మొత్తం చదివారు.

ఫస్ట్ ఇయర్ ల్యాబ్

చివరి ఐదేళ్లు అక్కడ. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు, సెక్షన్‌కి ఇరవై నాలుగు మంది. వాళ్లకి ద్రావణాలు తయారుచేసి పెట్టడం నా పని. సెమిస్టర్ మొదట్లో ప్రయోగాల కాగితాలు కట్టలు కట్టలుగా అచ్చయి వచ్చేవి. ప్రతి ప్రయోగం చివరా ఒకే వాక్యం: "మీ ఫలితం పైన ఇచ్చినదానికి తేడాగా ఉంటే, గాజుసామాను కడిగి మళ్లీ చెయ్యండి."

మొదటి వారమే ఒక అమ్మాయి తనకొచ్చిన అంకె ఇరేజర్‌తో చెరిపేసి, పక్కవాళ్ల అంకె రాసుకుంటూ కనిపించింది. ఎందుకమ్మా అంటే ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించింది.

ఆ శనివారం వెళ్లి కట్టలన్నీ విప్పి, ప్రతి కాగితం మీదా ఆ వాక్యం కొట్టేశాను. కింద చేత్తో రాశాను: "తేడా వస్తే ముందు రాయండి. తర్వాత కడగండి."

సోమవారం ఆ ల్యాబ్ చూసే రూత్ అనే ఆవిడ నన్ను పిలిచింది. చేతిలో ఒక కాగితం. "ఇది మార్చడానికి నీకు ఎవరు పర్మిషన్ ఇచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"ఇలా చెయ్యడానికి వీల్లేదు. కాగితాలు కమిటీ రాస్తుంది."

"కమిటీ రాసినది చదివే పిల్లలు చెరిపేస్తున్నారు."

హెచ్చరిక ఉత్తరం ఇచ్చింది. సంతకం పెట్టమంది. చదివాను. అందులో రాసింది నేను చేసిన పనే, అబద్ధం ఒక్కటీ లేదు. సంతోషంగా సంతకం పెట్టాను.

మరుసటి ఏడు కాగితాలు మళ్లీ పాత వాక్యంతోనే అచ్చయి వచ్చాయి. నేను మళ్లీ పెన్ను తీశాను.